నలభై ముగ్గురి హాజరు

లక్ష్మీపతి పళ్ళెంలో సంగటి ముద్ద అట్లాగే ఆరిపోయింది. గురువారం నుంచి ఇదే వరస. పీట మీద కూర్చుంటాడు, ముద్దను రెండు వేళ్ళతో విరుస్తాడు, నోటిదాకా పోకుండానే చెయ్యి కడుక్కుంటాడు. ఈరోజు ఆదివారం. రేపు పది గంటలకు అనంతపురం నుంచి విచారణకు వస్తున్నారు.

“ఇంత మజ్జిగన్నా తాగండి,” అంది ఉమాదేవి.

అతను వినిపించుకోలేదు.

“యాడ దిగుతాది?” అంది వసారాలోంచి అత్త వెంకటలక్ష్మమ్మ. “కట్టుకున్నదే కాళ్ల కింద గొయ్యి తవ్వితే మజ్జిగ దిగుతాదా, మన్ను దిగుతాదా?”

ఉమాదేవి పళ్ళెం తీసింది. ఈ మాటకు జవాబు చెప్పీ చెప్పీ ఆమెకు విసుగొచ్చింది. చెప్పకపోతే తప్పు ఒప్పుకున్నట్టు, చెప్తే నోరు లేచినట్టు. పదహారేళ్ళుగా జీతం తెచ్చే టీచరైతే మాత్రం ఏం లాభం, కోడలు కోడలే.

“నేను గొయ్యి తవ్వలేదు అత్తమ్మా. ఉన్నదే రాసినాను.”

“ఉన్నది ఉన్నట్ల రాయమని నిన్ను ఎవురు అడిగినారు? నీ మొగుడు రిజిస్టర్లో నలభైముగ్గురని రాస్తే, ఉండేది పదహారు మందే అని నువ్వు పోయి కంప్యూటర్లో రాస్తావా? ఊరూరోళ్లు సదివే కాడ?”

“ఈయన మీద చాడీ చెప్పేకి రాయలేదు.”

“మల్ల ఎందుకు రాసినావు?”

ఎందుకు రాసిందో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. బయమ్మ కోసం రాసింది.

రాళ్లవంకపల్లి బడిలో బయమ్మ మూడో తరగతి పిల్ల. ఆ బడికి లక్ష్మీపతి హెడ్మాస్టరు, ఉమాదేవి టీచరు, ఇద్దరే ఇద్దరు. వేరుశనగ ఎండిపోయిన ప్రతి ఏడూ కార్తీకం దాటగానే ఊరు సగం బెంగళూరుకు బయల్దేరుతుంది, ఇళ్ళు కట్టే పనికి. పిల్లల్ని వెంట తీసుకుపోతారు, ఉగాదికి తీసుకొస్తారు. రెండేళ్ళ కిందట అట్లా వెళ్ళి వచ్చిన బయమ్మకు తన పేరు రాయడం కూడా రాలేదు. సిగ్గుపడి, రెండు చేతులతో పలక మూసేసుకుంది. ఆ వారం ఉమాదేవి గోరంట్ల బస్టాండు పక్కన నెట్ సెంటర్లో కూర్చుని, ఆర్కుట్‌లో టీచర్లంతా చేరే ‘మన తరగతి’ అనే గుంపులో ఒక ప్రశ్న పెట్టింది. నాలుగు నెలలు బడికి దూరమైన పిల్లకు పోయిన చదువు ఎట్లా తేవాలి అని.

జవాబిచ్చింది హైదరాబాదులో ఉండే పుష్పావతి గారు. ముప్పై ఏళ్ళుగా రేడియో పాఠాలు, కంప్యూటర్ పాఠాలు తయారు చేయించిన మనిషి. వాళ్ళ ప్రయాణం నువ్వు ఆపలేవు, పాఠాన్నే వాళ్ళ వెంట పంపు అంది. ఎట్లా పంపాలో దగ్గర కూర్చుని చెప్పినట్టు చెప్పింది. మౌసు పట్టుకుంటే చెయ్యి వణికే ఉమాదేవి ఒక్కో శనివారం ఒక్కో సంగతి నేర్చుకుంది. సెల్‌ఫోన్లో గొంతు రికార్డు చెయ్యడం, ఎనిమిది నిమిషాలు దాటకుండా పాఠం కుదించడం, దాన్ని మెమరీ కార్డులోకి ఎక్కించడం. మొన్న కార్తీకంలో లారీ ఎక్కిన తండ్రుల ఫోన్లలో టీచరమ్మ గొంతు కూడా బెంగళూరు పోయింది. సంక్రాంతి దాటాక ఒక ఆదివారం బయమ్మ ఫోన్ చేసి పన్నెండో ఎక్కం తడుముకోకుండా అప్పజెప్పింది. ఆ సంతోషంలో ఉమాదేవి గుంపులో అంతా రాసేసింది. నలభై ముగ్గురిలో ఇరవై ఏడు మంది వలసలో ఉన్నారని, వాళ్ళకు ఇట్లా చెప్తున్నానని.

పుష్పావతి గారు దాన్ని అచ్చు తీయించి, ఈ టీచరును సత్కరించండి అని పై అధికారులకు పంపింది. పైనుంచి కిందికి దిగేసరికి సత్కారం పోయి విచారణ మిగిలింది. రిజిస్టర్లో రోజూ నలభై మందికి తక్కువ కాకుండా హాజరు ఉంది మరి. అనుమానం రాకుండా రోజుకు ఇద్దరికో ముగ్గురికో వంతుల వారీగా గైర్హాజరు వేసి, తక్కినవాళ్ళందరినీ బడిలో కూర్చోబెట్టిన చెయ్యి లక్ష్మీపతిది.

“అవ్వా, ఊరికే అమ్మని అనొద్దు,” అంది నందిని. మంచం మీద పదో తరగతి పుస్తకాలు పరుచుకుని ఉంది ఆ పిల్ల. “ఇరవై ఏడని లెక్క చెప్పింది నాయనే. నేను ఆ నెట్ సెంటర్లోనే ఉన్నా. అమ్మ పక్కన స్టూలేసుకొని కూర్చోని, వేళ్లు మడిచి ఒక్కొక్క పేరే చెప్పినాడు.”

వెంకటలక్ష్మమ్మ కొడుకు వైపు చూసింది. కొడుకు గోడ మీది క్యాలెండరు చూస్తున్నాడు. అవుననలేదు, కాదనలేదు.

ఉమాదేవికి కడుపు మండింది అక్కడే. గురువారం నుంచి ఆమె కాచుకున్నది ఆ ఒక్క మాట కోసం. నేనే చెప్పినానమ్మా అని అతను తల్లితో ఒక్కసారి అంటే చాలు, తక్కిన నిందలన్నీ ఆమె మోసేది.

నిజానికి ఇద్దరికీ తోచలేదు. రిజిస్టరు సర్కారుది, అందులో సర్కారుకు కావలసింది రాస్తారు. గుంపు టీచర్లది, అక్కడ ఉన్న సంగతి మాట్లాడుకుంటారు. ఈ రెండూ ఒకరోజు ఒకే బల్ల మీదికి వస్తాయని ఇద్దరు చదువుకున్నవాళ్ళలో ఒక్కరికైనా తట్టలేదు. వాళ్ళ తెలివి తెల్లారినట్టే ఉంది.

ఫోన్ మోగింది. పుష్పావతి గారు. ఉమాదేవి ఫోన్ పట్టుకుని పెరట్లోకి వెళ్ళింది.

“ఉమా, నిన్న రాత్రంతా నిద్ర లేదమ్మా నాకు,” అంది ఆవిడ. “హెడ్మాస్టరు మీ ఆయనేనని నాకు తెలీదు. తెలిస్తే పంపేదాన్ని కాదు. నీకు మేలు చేద్దామనుకున్నాను.”

“మీ తప్పేమీ లేదు మేడం.”

“ఉంది. పని చూసి మురిసిపోయాను కానీ, ఆ పనిచేసే మనిషి ఏ ఇంట్లో ఉంటుందో అడగలేదు.” “ఇంకో సంగతి చెప్పాలి. చెప్తే నీకు ఇంకా కష్టం, చెప్పకపోతే నా మనసు ఒప్పుకోదు. నీ రాత చదివిన వాళ్ళలో ఒకాయన వలస పిల్లల హాస్టళ్ళు చూస్తున్నాడు. ఆ ఇరవై ఏడు మంది నిజమేనని విచారణలో తేలితే, వచ్చే కార్తీకానికి మీ ఊళ్ళోనే హాస్టలు పెడతామంటున్నారు. తల్లిదండ్రులు పనికి వెళ్ళినా పిల్లలు ఊళ్ళోనే ఉంటారు, బడి మానరు.”

ఉమాదేవి ఫోన్ చెవికి ఇంకా దగ్గరగా పెట్టుకుంది. రెండేళ్ళుగా ఆమె కోరుకున్నది ఇదే. ఎంత బాగా రికార్డు చేసినా ఫోన్లో పాఠం ఫోన్లో పాఠమే, పిల్ల ఎదురుగా ఉండి చేత్తో పలక పట్టుకుంటే ఉన్నట్టు ఉంటుందా.

“నేను ఏం చెయ్యమంటారు మేడం?”

“నేను చెప్పకూడదమ్మా. ఎంత చెప్పినా నేను దూరాన ఉన్నదాన్ని.”

ఫోన్ పెట్టేశాక కూడా ఉమాదేవి పెరట్లో నీళ్ళ తొట్టి దగ్గరే నిలబడింది. పళ్ళెం కడగాలని చేతిలోకి తీసుకుని, కడగకుండానే కింద పెట్టింది.

పదకొండు గంటలకు వాకిట్లో మోటారు సైకిలు ఆగింది. వచ్చింది ఎం.ఇ.ఓ. శ్రీరంగప్ప, మండలంలో బడులన్నింటి మీదా పెద్ద. జూన్‌లో రిటైరవుతాడు. మనిషి చెడ్డవాడేమీ కాదు. చెడ్డవాడైతే ఉమాదేవికి ఆ రోజు పని సులువయ్యేది.

“ఏమప్పా లక్ష్మీపతీ, గడ్డం గూడా గీసుకోకుండా కూర్చున్నావు. రేపు విచారణకొచ్చే ఆయన ముందరికి ఇట్లనే వస్తావా?”

“కూర్చోండి సార్,” అన్నాడు లక్ష్మీపతి. నాలుగు రోజుల్లో ఆ ఇంట్లో అతని నోట వినిపించిన మొదటి మాట అది.

శ్రీరంగప్ప కుర్చీలో కూర్చుని, బ్యాగులోంచి ఒక కాగితం తీసి ఉమాదేవికి ఇచ్చాడు. “చదువుకోమ్మా. చదివి కింద సంతకం పెట్టు. అంతే పని.”

ఆమె నిలబడే చదివింది. ‘నేను కంప్యూటరునందు వ్రాసిన విషయములు వాస్తవములు కావు. పదిమంది మెప్పు కొరకు కల్పించి వ్రాసితిని. మా పాఠశాలలో నమోదైన నలభై ముగ్గురు విద్యార్థులును క్రమముగా హాజరగుచున్నారు.’

“మెప్పు కోసం రాసినానా సార్ నేను?”

“ల్యాదమ్మా. నాకు తెలీదా? కానీ ఏదో ఒక కారణం రాయల్ల గదా.”

“ఇదంతా అబద్ధం.”

“అబద్ధమే. ఎవరికీ నొప్పి ల్యాని అబద్ధం. నీకొక మెమో ఇస్తారు, ఇంకోసారి రాయనని నువ్వు రాసిస్తావు, అయిపాయ. నిజం చెప్తే లక్ష్మీపతికి సస్పెన్షను. ఆ రిజిస్టరు మింద ప్రతి తనిఖీకీ నా సంతకం గూడా ఉండాది. ముప్పైనాలుగేండ్లు చేసినాను. జూన్‌లో మర్యాదగా ఇంటికి పోవల్ల నేను.”

“రేపు ఆయన బడికొస్తే పదహారు మందే కనపడ్తారు. అప్పుడేం చెప్తారు సార్?”

“ఆ ఏర్పాటు అయింది. పక్కూరి బడి నుంచి ఆటోల్లో పిల్లోళ్లని తెప్పిస్తాండా. ఇరవై ఏడు మంది. ఒక్కొక్కరికి ఒక్కో పేరు నేర్పిచ్చినారు. పిలిస్తే లేచి నిలబడల్ల, వచ్చినాను సార్ అనల్ల.”

ఉమాదేవి కాగితంలోంచి తల ఎత్తింది. “బయమ్మ పేరుకు ఎవరు లేస్తారు సార్?”

“ఎవరో ఒక పాప లేస్తాది. ఆ సంగతి నాకు ఇడ్సిపెట్టు.”

వెంకటలక్ష్మమ్మ కాఫీ గ్లాసు తెచ్చి ఆయన ముందు పెట్టింది. కోడలి వైపు తిరిగి, ఈసారి గొంతు తగ్గించి మాట్లాడింది.

“ఉమా, నేను నోటికొచ్చినట్ల తిట్టినాను. కాదనను. ముసిల్దాన్ని, బయ్యమైతే తిట్లే వస్తాయి నాకు. వాడు ఇంట్లో కూర్చుంటే బతకలేడమ్మా. వాని సంగతి నాకు తెలుసు. సెలవు దినమే వానికి పొద్దు పోదు.”

తిట్టినప్పుడు గట్టిగా నిలబడ్డ ఉమాదేవి ఈ మాటకు కదిలిపోయింది. కాగితం పట్టుకుని వంటింట్లోకి వెళ్ళింది. కాసేపటికి వెనకాలే లక్ష్మీపతి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు.

“సంతకం పెట్టు ఉమా.”

“నాలుగు దినాలకు నాతో నోరు తెరిచి, ఇదా మీరనేది?”

“ఇంకేమనల్ల?”

“మీయమ్మ నన్ను అన్ని మాటలంటాంటే, లెక్క నేను చెప్పినానని ఒక్క మాట అనింటే మీ సొమ్మేం పోయింది?”

అతను పొయ్యి గట్టును పట్టుకుని నిలబడ్డాడు. “అనల్లనే ఉండాది. రోజూ అనుకుంటాండా. అమ్మ మొగం చూస్తే నోరు రాలేదు. నా కొడుకు తప్పు చెయ్యడు అనుకుంటాంది ఆమె.”

“నేను చేస్తాననుకుంటే పర్వాలేదా?”

అతను పొయ్యి మీది గిన్నె మూత సర్దాడు.

“నేను నా కోసం అడగలేదు,” అన్నాడు చివరికి. “ఆ పిల్లోళ్ల పేర్ల కోసం పెట్టు. నేను ఆ బడికి వచ్చిన మొదటి ఏడు సంగతి నీకు తెలుసు. రూలు ప్రకారం పదకొండు పేర్లు కొట్టేసినా. ఉగాదికి ఊరికొస్తే వాళ్ల నాయనోళ్లు ఏమన్నారు? పేరే లేదంట, ఇంగ బడెందుకు అన్నారు. నలుగురే తిరిగొచ్చినారు. ఏడు మంది గొర్రెల ఎంబడి పోయినారు. నాకు ఇప్పటికీ దోవలో కనపడ్తారు వాళ్లు. మీసాలొచ్చినాయి ఒకరిద్దరికి. నమస్తే సార్ అంటారు.”

“తెలుసు.”

“ఆ నమస్తే వింటే నాకు తల ఎత్తబుద్ది కాదు. ఆ తర్వాత ఒక్క పేరు గూడా కొట్టలేదు నేను. పేరు ఉంటే పిల్ల వస్తాది. అంతే నాకు తెలిసింది.”

“హాస్టలొస్తే పేర్లు కొట్టే పనే ఉండదు. ఇందాక మేడం ఫోన్ చేసింది. వచ్చే కార్తీకానికి పెడ్తామన్నారంట.”

“పెడ్తామన్నారు. పెట్టింది చూసినామా? పేర్లు మాత్రం రేపే పోతాయి. ఇరవై ఏడు పోతే రెండో పోస్టు ఉండదు. నిన్ను యాడికో ఏస్తారు. నేను ఇంట్లో కూర్చుంటా. ఉన్న పదహారు మందికి ఎవరు చెప్పల్ల? నీ ఫోన్ పాఠాలు ఎవరు పంపల్ల?”

ఇదీ ఆమెకు చిక్కు. అతను చెప్పేదాంట్లో అబద్ధం లేదు. అబద్ధమంతా ఆ కాగితంలోనే ఉంది. సంతకం పెడితే హాస్టలు రాదు. వచ్చే ఏడు మళ్ళీ ఆ ఇరవై ఏడు మందీ లారీ ఎక్కుతారు, ఆపై ఏడూ ఎక్కుతారు. పెట్టకపోతే మొగుడి ఉద్యోగం పోతుంది, బడికి ఇద్దరు టీచర్లూ ఉండరు. పుష్పావతి గారు ఎంత నేర్పినా ఇట్లాంటి దానికి జవాబు నేర్పలేదు.

లక్ష్మీపతి కళ్ళు తుడుచుకున్నాడు. తుడుచుకున్నట్టు కనపడకుండా కండువాతో మొహమంతా రుద్దుకున్నాడు. పెళ్ళయిన పదిహేడేళ్ళలో అతను ఏడవడం ఆమె చూడటం అదే మొదలు. ఆ ఒక్కటీ చూడకుండా ఉంటే ఆమె ఏం చేసేదో.

ఆమె హాల్లోకి వచ్చి, టీవీ స్టాండు మీద కాగితం పెట్టి సంతకం చేసింది. నందిని పుస్తకంలోంచి తల ఎత్తి చూసింది. మళ్ళీ పుస్తకంలోకి తల దించుకుంది. అదే ఉమాదేవికి ఎక్కువ బాధగా తోచింది.

శ్రీరంగప్ప కాగితం మడిచి బ్యాగులో పెట్టుకున్నాడు. “మంచి పని చేసినావమ్మా. రేపు నువ్వు ఏం మాట్లాడొద్దు. అడిగితే తల ఊపు చాలు.” వాకిట్లోకి వెళ్ళి బండి ఎక్కాడు. బండి చప్పుడు వీధి మలుపు దాకా వినపడి ఆగిపోయింది.

ఆ పూట లక్ష్మీపతి మజ్జిగ తాగాడు. రెండు గ్లాసులు తాగాడు. వెంకటలక్ష్మమ్మ కొడుక్కు వడ్డించి, కోడలికి కూడా తనే పళ్ళెం పెట్టింది. ఉమాదేవికి ముద్ద మింగుడుపడలేదు. అన్నం తినకపోవడం ఇప్పుడు ఆమె వంతు అయింది.

ఒంటిగంట దాటాక వీధి తలుపు దగ్గర ఎవరో కూర్చున్న అలికిడి అయింది. తలుపు కొట్టలేదు, పిలవలేదు. నందిని వెళ్ళి చూసి వచ్చింది.

“అమ్మా, రాళ్లవంకపల్లి అవ్వ. బయమ్మ వాళ్ల జేజి.”

మారెక్క గడప బయట చెప్పులు విడిచి, గోడకు ఆనుకుని ఉంది. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఉమాదేవి ఎంత రమ్మన్నా లోపలికి రాలేదు. చివరికి లక్ష్మీపతే లేచి వసారాలోకి వచ్చాడు.

“ఏం మారెక్కా, ఎండలో వచ్చినావు?”

“బస్సుకొచ్చినా సారూ. ఒక కాయితం కావల్ల.”

“ఏం కాగితం?”

“బయమ్మది.” ఆమె కొంగు తీసి మళ్ళీ పెట్టుకుంది. “మా పెద్దోడు గంగప్ప నిన్న పోన్ చేసినాడు. పాప సంపులో పడిందంట. శుక్రారం. కొత్త బిల్డింగు కాడ నీళ్లకు పోయిందంట, మూత ల్యాకుండా ఉన్నింది ఆ సంపుకు. వాళ్లమ్మ సూసేతలికి అయిపోయింది.”

ఉమాదేవి గడప మీద కూలబడింది. ఆ పిల్ల గొంతు, ఆ ఎక్కం, పన్నెండు తొమ్ముల దగ్గర ఊపిరి పీల్చుకోవడం, అన్నీ ఒక్కసారి ముందుకొచ్చాయి. ఆమె ఏడ్చింది. మారెక్క ఏడవలేదు, ఆమె దారి పొడుగునా ఏడ్చి వచ్చింది.

“పాప ఆస్పత్రిలో ఉండాది టీచరమ్మా. మట్టి చేసేకి ఇయ్యలేదంట ఇంగా. మేస్త్రీ ఏమో మా కాడ పిల్లోళ్లు ఎవురూ ఉండరు, ఈ పాప యాన్నుంచి వచ్చిందో మాకు తెలీదు అంటాండాడంట. మా గంగప్ప మాట ఎవురూ ఇనల్యా. పోలీసోళ్లు బడి కాయితం తెమ్మన్నారంట. పాప పేరు, వాళ్లమ్మ నల్లమ్మ పేరు, నాయన పేరు. కార్తీకంలోనే ఊరిడిసి పోయింది, అప్పటి నుంచి ఆడనే ఉన్నిందని. అది సూపిస్తే కేసు రాసుకొని పాపని ఇస్తారంట.” ఆమె లక్ష్మీపతి వైపు చేతులు జోడించింది. “రాసియ్యి సారూ. నాలుగు గంటల బస్సుకు మా చిన్నోడు పోతాడు.”

లక్ష్మీపతి వసారా స్తంభం పట్టుకుని వీధి మలుపు వైపు చూశాడు. ఆ మలుపు తిరిగి వెళ్ళిన బ్యాగులో అతని పెళ్ళాం సంతకం ఉంది.

“శుక్రవారం గైర్హాజరు వంతు ఎవరిది?” అని అడిగింది ఉమాదేవి, అతనికి మాత్రమే వినపడేట్టు.

అతను తల అడ్డంగా ఊపాడు. బయమ్మది కాదు. శుక్రవారం ఆ పిల్ల హాజరు.

“రాసియ్యండి,” అంది ఆమె.

“రాస్తే రేపు?”

“రేపటి సంగతి రేపు. నేను పోయి శ్రీరంగప్ప సార్ కాళ్లు పట్టుకోనైనా ఆ కాగితం తెచ్చుకుంటా. మీరు రాసియ్యండి.”

“ఉమా, ఒకే దినం ఒకే పాప రెండు చోట్ల ఉన్నట్ల ఎట్ల రాస్తాను? రేపు అది చూస్తే సస్పెన్షను కాదు, నన్ను జైల్లో పెడ్తారు.”

“ఆ పాపని ఆడ మంచుగడ్డల్లో పెట్టినారు.”

అతను ఆమె వైపు చూడలేదు. ఇరవై ఏడు పేర్లు కాపాడతానన్న మనిషి, గొర్రెల వెంట పోయిన ఏడుగురిని తలచుకుని ఇందాకే కళ్ళు తుడుచుకున్న మనిషి, గొంతు సవరించుకుని మారెక్క వైపు తిరిగాడు. అతను ఏం చెప్పబోతున్నాడో ఉమాదేవికి అర్థమైంది. ఆపుదామనుకుంది. నోరు తెరిచేలోపు అతను అనేశాడు.

“మారెక్కా, శుక్రవారం బయమ్మ బడికొచ్చింది.”

మారెక్క చేతులు జోడించినవి జోడించినట్టే ఉండిపోయాయి.

“నేనే హాజరు ఏసినాను. రిజిస్టర్లో ఉండాది. నేను ఇంకో విధంగా రాసియ్యలేను.”

ఈ సారు అబద్ధం చెప్పగా మారెక్క ఎన్నడూ వినలేదు. రాళ్లవంకపల్లిలో ఎవరూ వినలేదు. ఆ ఊళ్ళో తగాదాలకు కూడా సారు మాటే ఆఖరి మాట. ఆమె అతని మొహం వంక చాలాసేపు చూసింది. ఉమాదేవి ఆ చూపు భరించలేక తల దించుకుంది.

“శుక్రారం వచ్చిందా సారూ?”

“వచ్చింది.”

“బడికి?”

“ఆ.”

మారెక్క గోడ పట్టుకుని లేచి నిలబడింది. ఆమె గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండునని ఉమాదేవికి అనిపించింది.

“బడికొచ్చిన పాప సాయంత్రం ఇంటికి రాల్యా సారూ. నేను ఇంట్లోనే ఉన్నా, వాకిట్లోనే కూర్చోనుంటి. యాడ పెట్టినారు నా పాపని?”

లక్ష్మీపతి మళ్ళీ వీధి మలుపు వైపు చూశాడు. ముసలామె ఉమాదేవి వైపు తిరిగి, ఆమె రెండు చేతులూ పట్టుకుని, అదే మాట మళ్ళీ అడిగింది.